తడిగడ్డి కోత విషయమై గృహయజమానుల సంఘంవారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గృహయజమానుల సంఘం కార్యవర్గంవారి సముఖానికి, అందులోనూ పచ్చిక ఎత్తు తనిఖీకి నియుక్తులైన ఉపసంఘంవారి సముఖానికి, టెక్సస్ రాష్ట్రంలో డల్లాస్ ఉత్తరపు శివార్లలో ఇల్లు కొనుక్కుని, ఇంటితోపాటు ఇంటిముందరి గడ్డిని కూడా నెత్తికెత్తుకున్న నివాసుల పక్షాన సవినయంగా సమర్పించే విన్నపం.

ఈ లేఖ బహిరంగమైనది కనుక, సంఘమంటే ఏమిటో ఎరుగని పాఠకుల కోసం ముందుగా కొంత వివరణ అవసరం. అమెరికాలో బిల్డరు వేసిన కాలనీలో ఇల్లు కొన్నవారు దస్తావేజుతోపాటే కొన్ని కట్టుబాట్లకు కూడా సంతకం పెడతారు. తలుపు రంగు, కంచె ఎత్తు, చెత్తడబ్బా వీధిలో పెట్టవలసిన వేళ, పచ్చిక పెరగదగిన పరిమితి వీటిలో చేరతాయి. వీటిని అమలుపరిచి, ఏటేటా చందా వసూలు చేసి, తప్పినవారికి తాఖీదులిచ్చి జరిమానా వేసే సంస్థే గృహయజమానుల సంఘం. నగరపాలక సంస్థకుండే అధికారాలలో సగమూ, దానికుండే ఓపికలో పావువంతూ కలిగిన సంస్థగా దీన్ని నిర్వచిస్తే పెద్దగా తప్పుండదు. డల్లాస్ నగర శాసనం గడ్డికి 12 అంగుళాల దాకా అవకాశమిస్తుండగా, సంఘాలలో చాలావాటికి అది చీలమండ దాటడమే అపరాధం.

కట్టుబాటే ఉండరాదన్నది ఈ విన్నపం ఉద్దేశం కాదు. 1947లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో కట్టడం మొదలైన లెవిట్‌టౌన్‌లో ఏప్రిల్ మధ్య నుంచి నవంబరు మధ్య వరకు వారానికొకసారి గడ్డి కోయాలన్న షరతు దస్తావేజుల్లోనే ఉండేదనీ, సంఘంవారు ఆ సంప్రదాయానికే వారసులనీ నివాసులు ఎరుగుదురు. అభ్యంతరమల్లా ఒక్కటే: ఈ కట్టుబాటుకు అంగుళం తెలుసు, వారం తెలుసు, తడి మాత్రం తెలియదు. పదిరోజుల ముసురు పట్టి, మబ్బు విడిచీ విడవకముందే గడువు విధించే తాఖీదు వచ్చినప్పుడు నివాసి ముందు రెండే దారులుంటాయి: తడిగడ్డిని కోసి పచ్చికను పాడుచేసుకోవడం, కోయక జరిమానా కట్టడం.

తడిగడ్డిని కోయరాదన్న సూత్రం గడ్డితోపాటే పుట్టింది కాదన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఇంగ్లండులో 1830కి పూర్వం ప్రభువుల భవనాల ముందరి పచ్చికను, పొడవాటి కర్రకు వంపు తిరిగిన పెద్ద కత్తిని బిగించిన కొడవలితో, పనివారు నిలబడి నడుము తిప్పుతూ కోసేవారు. మంచు ఆరకముందే వారు పనిలోకి దిగేవారు, ఎందుకంటే తడిసిన ఆకు బరువుతో నిలిచి కత్తికి సాఫీగా తెగుతుంది, ఎండిన ఆకు వంగి తప్పించుకుంటుంది. 1830లో గ్లాస్టర్‌షర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతంవాడైన ఎడ్విన్ బడ్డింగ్, ఉన్నిబట్టపై లేచిన నూగును కత్తిరించే మిల్లుయంత్రపు అమరికను నేలమీదికి దింపి తొలి గడ్డికోత యంత్రానికి పేటెంటు పొందిన తర్వాతనే, మంచు వేళతో నిమిత్తం లేకుండా పొడిగడ్డిని కోయడం సులువైంది. పెద్దమనుషులు ఈ యంత్రాన్ని స్వయంగా తోసుకుంటే వారికి వినోదమూ వ్యాయామమూ రెండూ దక్కుతాయని కూడా ఆయన పేటెంటు పత్రంలో రాసుకున్నాడు. ఆ వ్యాయామాన్ని తాఖీదు ద్వారా విధించే రోజు వస్తుందని ఆయన ఊహించి ఉండడు.

బడ్డింగ్ యంత్రం ఆకును రెండు అంచుల నడుమ ఇరికించి కత్తిరించేది. నేటి ఇళ్లలోని లాన్‌మోవర్ పద్ధతి వేరు. దాని ఉక్కు డొప్ప కింద, అంటే డెక్ అనే భాగం కింద, నిమిషానికి మూడు వేల చుట్లకు అటూఇటూగా తిరిగే ఒంటి అడ్డకత్తి కేవలం వేగంతోనే ఆకును కొట్టి తెంపుతుంది. కత్తి వెనుక అంచు కొద్దిగా పైకి వంగి ఉండటం వల్ల, అది తిరిగేటప్పుడు గాలి పైకి లేచి, ఒరిగిన ఆకులను నిలబెట్టి, తెగిన తుంపులను పక్కకో వెనుక సంచిలోకో విసురుతుంది. కోత నాణ్యత అంతా ఈ గాలిమీదే ఆధారపడి ఉంది, వాన చెడగొట్టేదీ దీన్నే. తడిసి నేలకంటిన ఆకు గాలికి లేవదు కనుక కత్తి దానిమీదుగా పోతుంది, తీరా నేల ఆరాక అదే ఆకు లేచి నిలబడి ఉపసంఘంవారి కంటపడుతుంది. తెగిన తుంపులు డెక్ లోపలి గోడకు అంటుకుని, వాటిమీద మరికొన్ని పేరుకుని, గాలి తిరిగే జాగా తగ్గి, బయటికి పోయే దారి పూడుకుని, చివరకు ఇంజను గొంతు మారి ఆగిపోతుంది.

అలా ఆగిన యంత్రాన్ని ఎయిర్‌ఫిల్టరు పైకుండేలా పక్కకు వాల్చి చూసినవారికి ఈ వివాదంలోని అసలు సాక్ష్యం కనిపిస్తుంది. డెక్ లోపలి వంపు పొడవునా రెండు వేళ్ల మందాన ముద్ద పట్టి ఉంటుంది. పైపొర నల్లబడి, లోపల ముదురాకుపచ్చగా, పులిసిన వాసనతో ఉండే ఆ ముద్ద చెక్కముక్కతో గీకితే సాగుతూ ఊడుతుంది. రెండు రోజులు అలాగే వదిలేస్తే ఎండిన పిడకలా ఇనుమును కరుచుకుని దెబ్బలకు గాని రాలదు. కోతలో పచ్చికపై రాలిన ముద్దలదీ ఇదే వరస. వాటిని చెదరగొట్టకుండా వదిలితే కింది గడ్డికి వెలుతురు అందక, గుండ్రటి పసుపు మచ్చలు పడతాయి. పచ్చికపై పసుపు మచ్చలకు కూడా తాఖీదులుంటాయన్నది వేరే సంగతి.

పూడుకున్న దారిని చేత్తో తీయబోయి వేళ్లు పోగొట్టుకున్న ప్రమాదాల గురించి విస్తరించనవసరం లేదు. పిడి వదిలిన 3 సెకన్లలోపు కత్తి ఆగాలన్న నియమం అమెరికాలో 1982 నుంచి ఉన్నా, స్పార్క్‌ప్లగ్ తీగ ఊడదీయకుండా కత్తి జోలికి పోరాదు. తడిసిన ఏటవాలు నేలపై కాలు జారేదీ ఆ కత్తివైపే కావచ్చు. బ్యాటరీ యంత్రాలున్నాయి కదా అనవచ్చు. వాటితో వచ్చే పుస్తకాలు వానలో వాడవద్దనే చెబుతాయి.

అయితే ఈ విషయంలో యంత్రంకన్నా పెద్ద బాధితురాలు నేల. డల్లాస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే నల్లమట్టి పట్టీలోని నేలలు చాలావరకు వర్టిసాల్ అనే వర్గానికి చెందినవి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే బంకమట్టి నేలలను శాస్త్రజ్ఞులు ఈ పేరుతో పిలుస్తారు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు పత్తిచేల నల్లరేగడి కూడా ఈ వర్గానిదే. ఏ నేలలోనైనా మట్టిరేణువుల నడుమ ఖాళీలలో కొంత గాలి, కొంత నీరు ఉంటేనే వేళ్లు బతుకుతాయి. గట్టివానకు ఆ ఖాళీలన్నీ నీటితో నిండి ఉన్నప్పుడు చక్రం బరువూ మనిషి బరువూ పడితే, మెత్తబడిన రేణువులు జరిగి ఖాళీలు మూసుకుపోతాయి, ఆరిన తర్వాత చక్రాల జాడలు గట్టిపడి అలాగే మిగిలిపోతాయి. అందుకే వాన వెలిశాక తెలుగు రైతు రేగడిలోకి వెంటనే దిగడు. మట్టిని పిడికిట పట్టి పిసికితే బంకగా అంటకుండా, నలిపితే దుమ్ముగా రాలకుండా ఉండే స్థితిని పదును అంటారు. ఆ పదును వచ్చేదాకా నాగలి అయినా గొర్రు అయినా గట్టుమీదే ఉంటుంది. 2015 మే నెలలో, టెక్సస్‌లో అప్పటివరకు నమోదైన నెలలన్నింటిలోకీ అత్యధిక వర్షపాతం కురిసినప్పుడు, ఈ నేలకు పదును ఏ తేదీన వచ్చిందో సంఘాల దస్త్రాలలో వెతికితే దొరకదు. గడ్డి అంగుళాలు మాత్రం దొరకవచ్చు.

ఆ గడ్డి సంగతీ చెప్పుకోవలసిందే. ఈ ప్రాంతపు పచ్చికలలో విరివిగా కనిపించేది బెర్ముడా గడ్డి. శాస్త్రీయనామం సైనొడాన్ డాక్టిలాన్, వినాయకచవితి పత్రిలో చేరే పేరు గరిక. తరతరాలుగా చేలోంచి పీకి గట్టున పారేసినా చావకుండా రైతును ఏడిపించిన ఈ కలుపుకు ఆ రైతు సంతానం ఇక్కడ ఎరువు వేసి, నీళ్లు కట్టి పెంచి, అది పెరిగినందుకు జరిమానా చెల్లించడం సంఘంవారు ఆలోచించదగిన విషయం. వేడీ తేమా కలిసివచ్చినప్పుడు గరిక ఎగబాకే వేగాన్ని మొక్క స్వభావంగా చూడాలే తప్ప నివాసి నిర్లక్ష్యానికి గుర్తుగా చూడరాదు.

పచ్చిక శాస్త్రంలో మూడోవంతు సూత్రం ఒకటుంది: ఒక కోతలో ఆకు ఎత్తులో మూడోవంతుకు మించి తీయరాదు, ఎందుకంటే ఆహారం తయారుచేసేది ఆకే కనుక ఒక్కసారిగా ఎక్కువ తీస్తే మొక్క వేళ్లలోని నిల్వలు ఖర్చుచేసి కొత్త ఆకు తొడగవలసి వస్తుంది. 2 అంగుళాల దగ్గర ఉంచుకున్న గరిక వానల్లో 6 అంగుళాలకు పెరిగితే, ఈ లెక్కన తొలికోతలో 4 అంగుళాల దగ్గర ఆగి, కొద్దిరోజుల తర్వాత మళ్లీ దించుకుంటూ రావాలి. ఒకేసారి 2కు దించితే ఆకుపచ్చ పోయి గోధుమరంగు కాడలు బయటపడతాయి. ఒకే కోతలో మామూలు ఎత్తుకు తెమ్మనే తాఖీదుకు లోబడిన పచ్చిక, లోబడని పచ్చికకన్నా అసహ్యంగా ఉండటం ఇందువల్లనే.

తెగుళ్ల మాట కూడా మరువరాదు. వరిలో పాముపొడ తెగులును కలిగించే రైజోక్టోనియా సొలానీ అనే శిలీంధ్రమే పచ్చికలో గోధుమ మచ్చలకూ కారణం. నారుమళ్లలో నారుకుళ్లు తెచ్చే పైథియం, శిలీంధ్రంలా కనిపించే ఒక నీటిజీవి, తడి పచ్చికను రాత్రికి రాత్రే కుళ్లబెట్టగలదు. ఇవి తడి ఆకుపై దారాలుగా అల్లుకుని ఉన్న సమయంలో యంత్రం తిరిగితే, ఆ దారాల తునకలు చక్రాలకూ కత్తికీ అంటుకుని పచ్చిక అంతటా పాకుతాయి. ఒకే కోతమనిషి ఒకే యంత్రంతో వీధిలోని ఇళ్లన్నీ వరసగా కోసుకుపోయే పద్ధతిలో అవి ఇల్లు మారడానికీ అడ్డేమీ ఉండదు.

శాసనాలు ప్రకృతిని బొత్తిగా పట్టించుకోలేదనడం కూడా న్యాయం కాదు, ఎండాకాలాన్ని అవి పట్టించుకున్నాయి. కరవు అత్యవసర పరిస్థితిలో నీళ్లు పెట్టక పచ్చిక ఎండిపోతే సంఘాలు జరిమానా వేయరాదని కాలిఫోర్నియా 2014లో చట్టం చేసింది. నీటిని ఆదాచేసే మొక్కలనూ గడ్డినీ సంఘాలు నిషేధించరాదని టెక్సస్ 2013లోనే నిర్దేశించింది. ఎండకు దక్కిన ఈ మన్నన వానకు దక్కలేదు. ఫ్లోరిడాలోని డ్యునీడిన్ నగరంలో 2018లో గడ్డి 10 అంగుళాలు మించినందుకు ఒక ఇంటియజమానికి రోజుకు 500 డాలర్ల చొప్పున పెరుగుతూ పోయిన జరిమానా దాదాపు 30,000 డాలర్లకు చేరితే, అది మితిమీరినది కాదని 2021లో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. గడ్డి రోజురోజుకూ పెరిగేదే, జరిమానా కూడా అలాంటిదే. ఒక నాసా శాస్త్రజ్ఞురాలి నాయకత్వంలో 2005లో వెలువడిన అంచనా ప్రకారం అమెరికా పచ్చికల విస్తీర్ణం సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లు, అంటే రమారమి నేటి ఆంధ్రప్రదేశ్ అంత. ఒక రాష్ట్రమంత నేలను తడిపొడి విచారించకుండా ఏలడం ఏ రెవెన్యూ శాఖా తలపెట్టని సాహసం.

కనుక నివాసులు కోరేది గడువు ఎత్తివేత కాదు. గడువు లెక్క గడ్డి నిర్ణీత ఎత్తు దాటిన రోజు నుంచి కాక, వాన వెలిసి నేలకు పదును వచ్చిన రోజు నుంచి మొదలుకావాలన్నదే కోరిక. పదును నిర్ణయానికి ప్రయోగశాల అక్కర్లేదు. తనిఖీకి వచ్చిన ఉపసంఘ సభ్యులు కారులోంచి ఫొటో తీసి వెళ్లిపోకుండా, దిగి, పచ్చిక మధ్యకు నాలుగడుగులు నడిచి, మడమ గట్టిగా ఆనించి చూస్తే చాలు. బూటు చుట్టూ నీరు ఊరితే తాఖీదు జేబులోనే ఉండవచ్చు. బాగా పెరిగిన గడ్డిని రెండు మూడు విడతలుగా దించుకోవడం ఆజ్ఞను ధిక్కరించడం కిందికి రాదని ఒక వాక్యం చేర్చితే, మూడోవంతు సూత్రానికీ సంఘం సూత్రాలకూ నడుమ రాజీ కుదురుతుంది.

ఈ సవరణను సర్వసభ్య సమావేశంలో పెట్టవలసి ఉంటుందని సంఘంవారు సెలవివ్వవచ్చు. ఆ సమావేశం చలికాలంలో జరిగేచోట, గరిక అప్పటికే మంచు దెబ్బకు గోధుమరంగుకు తిరిగి నిద్రాణంగా ఉంటుంది కనుక, ఎవరికీ ఈ విషయం అత్యవసరంగా తోచదు. అందువల్ల దాన్ని ఒక్క ఏడాదికి మే నెలకు మార్చి, నాలుగు రోజులు ఏకధాటిగా వాన కురిసిన మర్నాడు, క్లబ్‌హౌస్ లోపల కాక దాని ముందున్న పచ్చికమీదే ఏర్పాటుచేయవలసిందిగా ప్రార్థన. కుర్చీలు వేయనక్కర్లేదు, వేసినా కాళ్లు దిగబడతాయి.