పదిహేనేళ్ల బండికి పదో తరగతి

2021లో కరోనా పుణ్యమా అని మన పిల్లలెవరూ పదో తరగతి పరీక్ష రాయలేదు. తెలంగాణ ఏప్రిల్‌లోనే రద్దు చేసేసింది, ఆంధ్ర జూన్ దాకా నాన్చి రద్దు చేసింది. రెండుచోట్లా అందరూ పాసే. పరీక్ష పెట్టకపోతే పెద్దవాళ్లకు తోచదు కదా. అందుకే కాబోలు, ఢిల్లీలో కేంద్ర రవాణా శాఖవారు ఆ అక్టోబరులో వేరే పదిహేనేళ్లవాళ్లను వెతికి పట్టుకున్నారు. బండ్లని.

నోటిఫికేషన్ మీరు చదివే ఉంటారు. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన లారీకో బస్సుకో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలంటే 1,500 చాలదు, 12,500 కట్టాలన్నారు. టాక్సీకి 1,000 బదులు 7,000. గడువు దాటితే రోజుకు 50. పరీక్ష ఫీజు, దాని మీద లేటు ఫీజు! బెజవాడలో కాపురం ఉంటూ ఈ పద్ధతిని గుర్తుపట్టకపోతే నన్ను ఊళ్లోంచి వెలివేయాలి.

మా వీధికి కూరగాయలు తెచ్చే బాబాయికి ఒక టాటా ఏస్ ఉంది. 2006 మోడల్. హైదరాబాదువాళ్లు ఛోటా హాథీ అంటారే, అదే. అసలా బండి మార్కెట్లోకి దిగిందే 2005 మే నెలలో. అంటే దేశంలో అప్పుడు పదికొచ్చినవి మొట్టమొదటి బ్యాచ్ ఏనుగులన్నమాట. వీటికి సీనియర్లు లేరు, పాత ప్రశ్నపత్రాలు లేవు, గైడ్లు లేవు. ఇలాంటి అవకాశం కళ్లెదుట ఉండగా మన కార్పొరేట్ విద్య చేతులు ముడుచుకుని కూర్చుంటుందా?

బందరు రోడ్డు మీద రేపో మాపో వెలుస్తుంది చూడండి, ముసలి బండ్లకు రెసిడెన్షియల్ క్యాంపస్. రవాణా బండి ఎనిమిదేళ్లు దాటితే ఏటేటా ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సిందే గనుక ఫౌండేషన్ కోర్సు అక్కణ్నుంచే మొదలు. ఏసీ షెడ్డు, నాన్ ఏసీ షెడ్డు. తెల్లవారుజామున నాలుగున్నరకు సెల్ఫ్ కొట్టి లేపుతారు. లేవని దాన్ని నలుగురు కలిసి తోస్తారు, బ్రోషర్లో దాని పేరు వ్యక్తిగత శ్రద్ధ. ఆరింటికి బ్రేకుల క్లాసు, ఎనిమిదింటికి పొగ. హారన్‌కు మౌఖిక పరీక్ష. శనివారం స్లిప్ టెస్టు, అది తడిరోడ్డు మీద. ఆటోనగర్ మేస్త్రీలే లెక్చరర్లు. మంచి పంపు మేస్త్రీని పక్క క్యాంపస్‌వాళ్లు రాత్రికి రాత్రి ఎగరేసుకుపోతారు. నల్లపొగ వదిలేవాటిని చివరి సెక్షన్లో పడేసి, ఓనర్ని పిలిపించి, "బండిలో కెపాసిటీ ఉందండీ, కాన్‌సన్‌ట్రేషనే లేదు" అంటారు. ఇక ఫలితాల రోజు టీవీలో ఊపిరాడనివ్వరు. ఏస్‌లో ఒకటి, ఒకటి, ఒకటి! పికప్‌లో రెండు, రెండు! తీరా చూస్తే మూడు సంస్థలూ వేసుకున్న ఫొటోలో నంబరు ప్లేటు ఒకటే.

కాపీ కొట్టడం మాత్రం కొత్తగా నేర్పక్కర్లేదు. బ్రేకిన్‌స్పెక్టర్ గారి ముందు నిలబడే రోజున పక్కవాడి టైర్లు అరువు తెచ్చి తొడగడం, సాయంత్రానికి ఊడదీసి తిరిగివ్వడం మనవాళ్లకు ఎప్పటినుంచో వచ్చు.

సెకండ్ హ్యాండ్ బేరాల్లో అప్పుడే ఈ భాష వచ్చేసింది. ఆ రోజుల్లోనే బాబాయితో కలిసి ఒక బొలెరో పికప్ చూడటానికి వెళ్లాను. 2010 మోడల్. బ్రోకరు బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు. "ఇంకా పదకొండేళ్లే సార్. ఆరో క్లాసు పిల్లాడనుకోండి. నాలుగేళ్లదాకా పబ్లిక్ పరీక్ష బెంగే లేదు." అంతకుముందు ఏడాది ఇలాంటి బండికే చెప్పిన ధర మీద అరవై వేలు ఎక్కువ చెప్పాడు. ఎందుకయ్యా అంటే, "కొత్తవి రావట్లేదుగా సార్, చిప్పులు లేవంట" అన్నాడు.

వాడన్నది నిజమే. కొత్తది కొందామని అంతకుముందే ఒక షోరూముకు వెళ్లొచ్చాం. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, బండి ఎప్పుడిస్తారో మాత్రం చెప్పలేదు. 2020 లాక్‌డౌన్లో కార్ల కంపెనీలు చిప్పులు వద్దన్నాయి. ఆ చిప్పులన్నీ లాప్‌టాప్‌లకు, ఫోన్లకు పోయాయి. తర్వాత టెక్సాస్‌లో మంచు, జపాన్ ఫ్యాక్టరీలో మంటలు, మలేషియాలో కరోనా. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్తిమీర కట్టలు మోసే బండికి కూడా ఓ కంప్యూటరు కావాలి మరి. మొత్తానికి తేలిందేమంటే, బాబాయి మనవడి ఆన్‌లైన్ క్లాసు కోసం కొన్న ఫోను బాబాయి బండి చిప్పును మింగేసింది. మనవడు పరీక్ష రాయకుండా పదో తరగతి గట్టెక్కాడు. బండి రాయాలి. కంపెనీకి చిప్పు లేదు, బాబాయికి చిప్పే మిగిలేట్టుంది.

పరీక్ష తప్పితే? సప్లిమెంటరీ. అదీ తప్పితే తుక్కు. తుక్కు చేయించుకున్నవారికి కొత్త బండి ధరలో 4 నుంచి 6 శాతం ముట్టజెబుతారట. 4 లక్షల బండి లెక్కన 16 వేల నుంచి 24 వేలు. పైగా కొత్తది కొంటే 5 శాతం తగ్గించమని కంపెనీలకు సర్కారువారి సలహా. సలహాయే సుమా, ఆజ్ఞ కాదు. షోరూములో లేని బండి మీద 5 శాతం తగ్గితే ఎంత తగ్గినట్టో ఏ కోచింగు లెక్కల మాస్టారైనా చెబితే రాసుకుంటాను.

నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే ఎక్స్‌యూవీ700 కారును 57 నిమిషాల్లో 25,000 మంది బుక్ చేసుకున్నారు. చిప్పులు లేక సెప్టెంబరులో ఏడు రోజులు బండ్లు చేయమని ప్రకటించిన కంపెనీదే ఆ కారు. చేసుకోనీండి, వాళ్లు ఎన్నాళ్లయినా ఆగుతారు, ఇంట్లో ఇంకొకటి ఉంటుంది. టమాటా ఆగుతుందా? నున్న మార్కెట్లో లోడెత్తిన మామిడి ఆగుతుందా?

12,500 కడితే బ్రేకు 1,500 నాటికన్నా గట్టిగా పడుతుందా అయ్యా? అదే బండి, అదే ఇన్‌స్పెక్టరు, అదే అరగంట. పొగ ఎక్కువుంటే కొలవండి, తప్పించండి. పాత డీజిలు పొగ పీల్చేది మా వీధి పిల్లలే, నేనే వచ్చి చప్పట్లు కొడతాను. కానీ పరీక్షలో నెగ్గగలిగిన బండిని కూడా ఫీజుతోనే పడగొడతామంటే దాన్ని భద్రత అనకండి. 2021 మే నెల కరోనా కర్ఫ్యూలో పొద్దున్న ఆరు నుంచి పన్నెండు దాకే బయటికి వదిలిన రోజుల్లో ఈ ముసలి ఏనుగు మా వీధికి రోజూ వచ్చింది. తలుపు తీయడానికే మేం భయపడుతుంటే, గేటు ముందు కూరగాయల సంచి దించిపెట్టి హారన్ కొట్టి వెళ్లేది. దాని ఫిట్‌నెస్ ఎవడడిగాడు? అడగొద్దని ఉత్తర్వులిచ్చింది ఈ శాఖే. గడువు తీరిన కాగితాలు 2021 అక్టోబరు 31 దాకా చెల్లుతాయని మళ్లీ పొడిగించారుగా! జనం చస్తుంటే పనికొచ్చిన బండి, జనం కోలుకోగానే తుక్కయిందా? పదిహేనేళ్లు ఒక కుటుంబాన్ని మోసినదాన్ని పట్టుకుని, కొత్తదేదీ చేతికివ్వకుండా, పోయి చావమనడానికి సిగ్గుండాలి.

ఇదంతా ఊగిపోతూ చదివి వినిపిస్తే బాబాయి బీడీ ఆర్పి, ఒక్కటే అడిగాడు.

"ఏప్రిల్ అంటున్నారు కదా బాబూ, మామిడికాయ దిగేదప్పుడే. ఆ రెండు నెలలు బండి ఖాళీగా ఉండదని రాస్తావా?"