అదును తప్పిన అర్జీ: బజారులో వినకూడని ఏడు సలహాలు

నల్లగొండ ప్రకాశం బజారులోనైనా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరైనా, మిర్యాలగూడ రైసు మిల్లుల మధ్యనైనా పన్నుల మాట వస్తే సలహాలకు కొదవ ఉండదు. చెప్పేవాళ్లు మన మేలు కోరే పెద్దవాళ్లే. అయినా ఈ ఏడు సలహాల వల్ల మనం చాలా పోగొట్టుకున్నాం. మన వ్యాపారుల సంఘంలో కొత్తగా బాధ్యత తీసుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ వీటిని గుర్తుపట్టి పక్కన పెట్టాలని రాస్తున్నాను.

1. "బడ్జెట్ రానియ్, చూసినంక అర్జీ పెడదాం."

అదును దాటినంక విత్తనం వేస్తే మొలకెత్తదు. ఒక ఏడాది మా సంఘం అదే చేసింది. అర్జీ చక్కగా టైపు చేయించి, అందరి సంతకాలూ తీసుకొని హైదరాబాద్ పోయాం. అప్పటికే బడ్జెట్ సభలో పెట్టేశారు. మా అర్జీ తీసుకున్న అధికారి "వచ్చే ఏడాదికి చూద్దాం" అన్నారు. ఆ మాటలో తప్పు లేదు, తప్పు మా తేదీలో ఉంది.

2025 మార్చి 19న సభ ముందుకొచ్చిన రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్ల రూపాయలు. శాఖలు నెలల ముందు పంపిన ప్రతిపాదనలను ఆర్థిక శాఖ కోసి, కలిపి కట్టే లెక్క ఇది. కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది కాబట్టి అక్కడి కసరత్తు ఇంకా ముందే మొదలవుతుంది. దసరా గిరాకీ తగ్గగానే రాయడానికి కూర్చోవాలి. దీపావళి దాటేలోపు కాగితం శాఖకు చేరాలి.

2. "ఎమ్మెల్యే సార్‌కు చెప్తే అన్నీ అయిపోతయి."

ఆయనకు తప్పక చెప్పండి, కానీ ఏ తాళం ఎవరి చేతిలో ఉందో ముందు తెలుసుకోండి. ట్రేడ్ లైసెన్స్ ఫీజు మున్సిపాలిటీది. మార్కెట్ ఫీజు, వృత్తి పన్ను రాష్ట్రానివి. వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదని రాజ్యాంగమే హద్దు గీసింది. ఎగుమతి సుంకం కేంద్రానిది. ఉప్పుడు బియ్యంపై 2023 ఆగస్టులో 20 శాతం సుంకం వేసిందీ, 2024 అక్టోబర్‌లో ఎత్తేసిందీ ఢిల్లీయే.

జీఎస్టీ రేటు కౌన్సిల్‌లో తేలుతుంది. అక్కడ ఓటు బరువులో మూడో వంతు కేంద్రానిది, మిగతా రెండు వంతులు రాష్ట్రాలన్నిటివీ కలిపి. తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. కాబట్టి మన రాష్ట్ర ఆర్థిక మంత్రి కౌన్సిల్‌కు పోయే ముందే మన లెక్క ఆయన ఫైలులో ఉండాలి.

3. "జీఎస్టీ మొత్తం తీసెయ్యాలని ఒక్క ముక్కల రాద్దాం."

2022 అక్టోబర్‌లో అప్పటి మంత్రి కె. తారకరామారావు చేనేతపై జీఎస్టీ పూర్తిగా తీసెయ్యాలని కోరుతూ ప్రధానికి పోస్టుకార్డు రాశారు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట మగ్గాల మీద బతికే ఇళ్లకు అది న్యాయమైన కోరిక. కానీ అర్జీ రాసేటప్పుడు ఇంకో మెట్టు దిగాలి. చీరపై పన్ను సున్నా అయితే, దారానికీ రంగులకూ కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకునే దారి మూసుకుపోతుంది. ఆ భారం చీర ధరలోనే మిగులుతుంది. అందుకే చీరతోపాటు దారం, రంగుల సంగతీ రాయాలి.

లెక్క కడితే కొత్త కోరికలూ కనిపిస్తాయి. 2019 ఏప్రిల్ నుంచి సరుకులు మాత్రమే అమ్మే వ్యాపారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి చాలా రాష్ట్రాల్లో 40 లక్షల టర్నోవర్‌కు పెరిగింది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. 20 లక్షలంటే రోజుకు సుమారు 5,500 రూపాయల అమ్మకం. కోదాడ దుకాణదారు అది దాటగానే రిటర్నులు వేయాలి. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేటలో అంతకు రెట్టింపు అమ్మినా ఆ బెడద లేదు. ఆలంపూర్‌కూ కర్నూలుకూ మధ్య కూడా ఇదే తేడా. ఇలాంటి ఒక్క వాక్యం పది పేజీల ఆవేదన కంటే గట్టిగా పనిచేస్తుంది.

4. "బందు పెడితేనే వింటరు."

మార్కెట్ యార్డు ఒక్క రోజు మూతపడితే హమాలీ కూలి పోతుంది. బండి కట్టుకొని వచ్చిన రైతు రాత్రంతా ధాన్యం దగ్గర పడుకోవాలి. ఆ నష్టం మనం చెల్లించం. ముందు చట్టం ఇచ్చిన తలుపులు తట్టాలి.

విద్యుత్ చట్టం, 2003 ప్రకారం చార్జీలు తేల్చే ముందు విద్యుత్ నియంత్రణ కమిషన్ ప్రజల అభ్యంతరాలను పరిశీలించి తీరాలి. 2024లో 33 కేవీ, 132 కేవీ పరిశ్రమల రేటును పెంచి 11 కేవీ రేటుతో సమానం చేస్తామని విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) అడిగాయి. బహిరంగ విచారణ తర్వాత కమిషన్ ఒప్పుకోలేదు. రైసు మిల్లుకూ జిన్నింగు మిల్లుకూ కరెంటు బిల్లే ప్రాణం. ప్రతి విచారణలోనూ మన జిల్లాల అభ్యంతరం రాతలో ఉండాలి.

5. "సందు దొరికింది గదా, ఇంకేం లొల్లి?"

2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ వచ్చింది. వెంటనే బజారులోకి 26 కిలోల సంచి వచ్చింది. అది చట్టవిరుద్ధం కాదు. అయితే ఒకేసారి 26 కిలోలు కొనగలిగిన ఇంటికి పన్ను తప్పింది, కూలి డబ్బుతో అయిదు కిలోల ప్యాకెట్ కొనే పాలమూరు తల్లికి తప్పలేదు. మనకు సందు దొరికిన రోజే మన అర్జీ ఆగిపోయింది. దీన్ని మన తప్పుగానే ఒప్పుకోవాలి.

6. "చిన్నోళ్లను కలుపుకుంటే మన మాట పలచనైతది."

2022 జనవరి 1 నుంచి బట్టలపై జీఎస్టీని 5 నుంచి 12 శాతానికి పెంచాలని నిర్ణయమైంది. మగ్గం దగ్గరి నేతగాడి నుంచి సూరత్ టోకు వ్యాపారి దాకా, తెలంగాణతో సహా పలు రాష్ట్రాల దాకా వ్యతిరేకించారు. 2021 డిసెంబర్ 31న కౌన్సిల్ ఆ పెంపును వాయిదా వేసింది. అదే జనవరి 1 నుంచి చౌక చెప్పులపై మాత్రం 12 శాతం అమల్లోకి వచ్చింది. నేతగాడు, దర్జీ, హమాలీ, రైతు పక్కన నిలబడితే దుకాణదారు మాట పెరుగుతుంది. వాళ్ల సంతకాలు మన సంతకాల కంటే పైన ఉండాలి.

7. "పనైంది గదా, ఫైలు కట్టెయ్."

వాయిదా అంటే రద్దు కాదు. బట్టకు తక్కువ పన్ను, కృత్రిమ నారకూ దారానికీ ఎక్కువ పన్ను అనే చిక్కు అలాగే ఉండిపోయింది. 2025 సెప్టెంబర్ 22న నారపై పన్ను 18 నుంచి, దారంపై 12 నుంచి 5 శాతానికి దిగింది. బట్టను పైకి లేపి సరిచేయాలనుకున్న చిక్కును చివరికి దారాన్ని కిందికి దించి సరిచేశారు. మధ్యలో దాదాపు నాలుగేళ్లు గడిచాయి.

అందుకే ప్రతి అర్జీ నకలూ, అందినట్టు తీసుకున్న రసీదూ, తర్వాత వచ్చిన జీవో లేదా నోటిఫికేషనూ ఒకే ఫైలులో ఉంచండి. అధ్యక్షుడు మారినా ఆ ఫైలు సంఘం దగ్గరే ఉండాలి. ఈ దసరా తర్వాత మొదటి సమావేశంలో ముందు దాన్నే తెరవండి.