మెనూ ఎక్కడికి పోయిందిరా అబ్బాయ్

మొన్న మా మేనల్లుడి కొడుకు కొత్తగూడెం నుంచి వచ్చాడు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కాలం చెల్లింది కదా, నా పాత కంప్యూటరు విండోస్ 11కి పనికిరాదన్నాడు. ‘లినక్సు వేసి పైన కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ పెట్టేస్తా తాతా, పది నిమిషాలు’ అని పెన్‌డ్రైవు తీశాడు.

పది నిమిషాలట! మా రోజుల్లో లినక్సు సీడీ భద్రాచలం చేరడానికే వారాలు పట్టేది. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు అనే లినక్సు వాళ్లు అడిగినవాళ్లకల్లా సీడీలు పైసా తీసుకోకుండా పోస్టులో పంపేవాళ్లు. పది తెప్పించాను. ‘ఫారిన్‌లో ఎవరున్నారండీ?’ అని పోస్ట్‌మ్యాన్ ఆరా తీశాడు. జిరాక్సు షాపుకొకటి, చర్ల వైపు హాస్టల్ మాస్టారికొకటి పంచిపెట్టాను. రెండు మాత్రం బూర్గంపాడు దగ్గర జొన్నచేలో దారానికి వేలాడుతూ చిలకల్ని తోలుతుంటే కళ్లారా చూశాను. అదీ ఒక వాడకమే అనుకోండి.

ఆ సీడీ వేస్తే తెరమీద గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ఉండేది. దాని మెనూల్ని తెలుగు చేసినవాళ్లలో కొందరు జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని చేశారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు డెబియన్ మీద ఏకంగా తెలుగు సిస్టమే కట్టారు. మా డీటీపీ షాపు కుర్రాడు మెనూలో ఫైలుకి బదులు ‘దస్త్రం’ అని చదివి, ‘ఇదేం అస్త్రం సార్?’ అన్నాడు. ఆ పక్కనే దుమ్ముగూడెం నుంచి పహాణీ నకలు కోసం వచ్చిన ముసలి కరణంగారు కూర్చున్నారు. కళ్లద్దాలు పైకి జరుపుకుని, ‘అరె, ఇది మా మాట కదయ్యా, మిషన్లోకి ఎప్పుడు దూరింది?’ అన్నారు. దస్త్రం తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. ఆ పూట నకలు సంగతే మర్చిపోయారు. నేను చేర్చిన కొత్త వాడుకరుల్లో నాకు బాగా గుర్తున్నది ఆయనే.

మిగతావాళ్లు ఎందుకు నిలవలేదంటారా? పెళ్లికార్డుల వల్ల. డీటీపీ అంటే పేజ్‌మేకరు, అను ఫాంట్లు. అవి రెండూ మా షాపులో నడిచేది విండోస్‌లోనే. శ్రీరామనవమి వస్తే కరపత్రాలకి ఊపిరాడేది కాదు. ఆ వారంలో ఎవడైనా ‘సార్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు’ అని వస్తే నేనే కసిరేవాణ్ణి. దేశికాచారిగారి పోతన ఫాంటుతో యూనికోడ్ తెలుగు రాసుకోవచ్చు, నిజమే. కానీ పదేళ్ల పాత కార్డు మేటరంతా అనులో ఉంటే దాన్ని ఎవడు మార్చుకుంటాడు? డెస్క్‌టాప్ ఎంత ముద్దొచ్చినా కార్డు కొట్టని పెట్టె మాకెందుకు?

అయినా ఒక ముగ్గురికి ఓపిగ్గా నేర్పాను. ఎక్కడ నొక్కాలో వాళ్ల వేళ్లకి అలవాటయ్యేలోపు 2011లో గ్నోమ్ 3 వచ్చి, అలవాటైన మెనూని ఎత్తేసింది. ‘మెనూ ఏది సార్?’ అని ముగ్గురూ ఒకే వారంలో వచ్చారు. ఏం చెప్పను? కడుపు మండినవాళ్లు కొందరు పాత రూపాన్నే మాటే అన్న పేరుతో బతికించారనుకోండి. అది మా ఊరు చేరేసరికి మా ముగ్గురూ విండోస్‌లో కాపురం పెట్టేశారు. వాడేవాళ్లు పెరగాలని అందరూ అంటారు. ఉన్నవాళ్ల చెయ్యి మాత్రం ఎవడూ చూడడు. కేరళ బళ్లలో ఐటీ పాఠాలే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీద చెప్తారు. అక్కడ పక్కన టీచరుంటుంది, పట్టుకుని నడిపిస్తుంది.

ఇప్పుడు కేడీఈ వాళ్లు కూడా పాత కంప్యూటరు పారెయ్యకండని ప్రచారం చేస్తున్నారట. మంచిదే. మావాడు అన్నట్టే చేశాడు, పది కాదు గానీ ఇరవై నిమిషాలు. మెనూ ఎడమ మూల కింద, విండోస్‌లో ఉన్నచోటే ఉంది. ఆ ఒక్కదానికి వాళ్లకి నా నమస్కారం. ‘ఏమన్నా వస్తే గూగుల్‌లో కొట్టు తాతా’ అని బస్సెక్కేశాడు. వాడటు వెళ్లగానే ప్రింటరు మొండికేసింది. దాన్ని దారికి తెచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది.

ఇంట్లో అటకెక్కిన కంప్యూటరున్నవాళ్లు ఆదివారం పొద్దున్నే మా షాపుకి తీసుకురండి. మౌసు మీ చేతిలోనే ఉంటుంది. నేను పక్కన కుర్చీలో ఉంటాను.