నాలుగేళ్లు నిండినవారికి మాత్రమే

సినిమా చూడాలంటే వయసు లెక్కలున్నాయి. 2024 చివర్లో సెన్సారువాళ్లు యూఏ సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్లంటూ మూడు ముక్కలు చేశారు. ఓటుకి 18, మగపిల్లాడి పెళ్లికి 21. ఇన్ని కట్టడులున్న దేశంలో బట్టల షాపు గుమ్మం మాత్రం ఎవరొచ్చినా బార్లా తెరిచే ఉంటుంది. పైగా పట్టుచీర కట్టిన అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టి, చంకలో ఉన్న పసివాడికి కూడా నమస్కారం పెట్టించి లోపలికి పంపిస్తారు. వాడు లోపలికెళ్లి ఏం చేయగలడో తెలిస్తే అదే చేతులతో దణ్ణం పెట్టి వెనక్కి పంపేవారు.

నా డిమాండు ఒకటే. పెళ్లిబట్టలు అమ్మే ప్రతి షాపు ముందూ ‘నాలుగేళ్లు నిండినవారికి మాత్రమే’ అని బోర్డు పెట్టాలి.

నాలుగే ఎందుకంటే దానికి సైన్సుంది. టొరంటో యూనివర్సిటీలో కాంగ్ లీ అనే ప్రొఫెసరుగారు పిల్లల అబద్ధాల మీద ఏళ్లతరబడి పరిశోధన చేశారు. పిల్లాడికి కనపడకుండా ఒక వస్తువు పెట్టి, ‘నేనొచ్చేదాకా చూడకు’ అని గదిలోంచి వెళ్లిపోతారు. పిల్లాడు చూస్తాడు. చూడకపోతే వాడు పిల్లాడెలా అవుతాడు? తిరిగొచ్చి ‘చూశావా?’ అని అడిగితే, రెండేళ్లవాళ్లలో చూసి కూడా చూడలేదన్నవాళ్లు 30 శాతం. మూడేళ్లవాళ్లలో సగానికి సగం. నాలుగేళ్లు వచ్చేసరికి 80 శాతం పైమాటే. బుర్ర సరిగ్గా ఎదుగుతోందనడానికి అదొక గుర్తేననీ, కంగారు పడొద్దనీ తల్లిదండ్రులకి ఆయన ధైర్యం కూడా చెప్పారు. ఆయన మన పెళ్లి షాపింగులు చూసినట్టు లేదు. చూసుంటే రెండేళ్లవాళ్ల గురించే కంగారు పడమనేవారు.

తెలుగింటి పెళ్లిలో చీరలు రెండు జాతులు. కట్టుకునేవి, పెట్టేవి. కట్టుకునే చీరకి పూటలు పూటలు పడుతుంది. ధర్మవరమా, గద్వాలా, కంచా అని వాదన. అంచు గిల్లి చూస్తారు, జరీ గోకి చూస్తారు, ట్యూబులైటు వెలుగు నమ్మక గుమ్మం దాకా మోసుకెళ్లి ఎండలో చూస్తారు. పెట్టే చీరకి ఆ గొడవ లేదు. ‘రంగులు మార్చి ఓ నలభై కట్టు బాబూ’ అంటే అయిపోయింది. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు వచ్చిందని 2005లో అందరం సంబరపడ్డాం. పెట్టే చీరకి గుర్తింపు అక్కర్లేదు, భూగోళం అదే తిరుగుతుంది. సూరత్ మరమగ్గం మీంచి దిగి, లారీలో బెజవాడ వస్త్రలత టోకు మార్కెట్టుకొచ్చి, ఏదో పెళ్లిలో బొట్టుపెట్టి ఎవరి చేతిలోనో పెట్టగానే దాని అసలు యాత్ర మొదలవుతుంది. అక్కణ్నుంచి ఒకరి గృహప్రవేశం, ఇంకొకరి ఓణీల ఫంక్షన్, మరొకరి శ్రీమంతం. దానికి ఫాలు కుట్టించిన పాపాన ఎవరూ పోరు.

మేం పెట్టిన నెమలికంఠం రంగు చీర ఒకటి అలా ఊరూరా తిరిగి, మడత నలక్కుండా మా ఇంటికే వచ్చింది. కవరు మూల అగరుబత్తి తగిలి కాలిన చుక్క చూసి మా ఆవిడ గుర్తుపట్టింది. తెచ్చినావిడేమో ‘నీకు నప్పుతుందని ఏరి ఏరి తెచ్చానొదినా’ అంది. మా ఆవిడ కళ్లకద్దుకుని ‘అచ్చం ఈ రంగే వెతుకుతున్నాను’ అంది. ఇద్దరికీ నాలుగేళ్లు నిండి చాలా కాలమైంది.

ఈ వ్యవస్థకి ఉన్న నియమం ఒక్కటే. ధర కనపడకూడదు. ప్యాకెట్ సరుకు మీద ఎమ్మార్పీ వేసి తీరాలనీ, దాన్ని షాపువాడు చెరపకూడదనీ 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. ఇంటికొచ్చాక ఆడవాళ్లు వరసగా కూర్చుని గోళ్లతో స్టిక్కర్లు గీకే కార్యక్రమం గురించి మాత్రం ఆ నిబంధనలు నోరెత్తవు. పసుపు దంచడానికి ఒకరిద్దరు తక్కువైనా పెళ్లి ఆగదు. స్టిక్కర్లు గీకడానికి మాత్రం మనుషులు చాలాలి.

మా చిన్నమ్మాయి పెళ్లి శ్రావణంలో. కనక ఆషాఢం తగ్గింపులో షాపింగు. పెళ్లిచీర ఎంచడానికి కాబోయే వియ్యపురాలు కూడా వచ్చారు. పెద్దమ్మాయి కొడుకు, రెండున్నరేళ్ల బుడ్డోడు, నా డ్యూటీ. మా ఆవిడ వేసిన ఎత్తు తక్కువేమీ కాదు. మేడ మీద తెల్లపరుపు మీద వియ్యపురాల్ని కూర్చోబెట్టి పట్టుచీరలు విప్పిస్తుండగా, మా ఆవిడ ‘ఇప్పుడే వస్తానొదినగారూ’ అని కిందకి జారుకుని, సెల్లార్లో మగపెళ్లివారి తరఫు ముత్తయిదువలకి పెట్టే చీరలు కట్టించెయ్యాలి. కట్టలు వెనక తలుపు గుండా కారు డిక్కీలోకి వెళ్లిపోవాలి. బుడ్డోడు పేచీ పెట్టడంతో నేనూ వాణ్ణెత్తుకుని సెల్లార్లోకే దిగాను.

వాడు చీరల గుట్టెక్కాడు. ఒక గులాబీరంగుది లాగి నెత్తిన కప్పుకున్నాడు. ‘అది కట్టేది కాదు నాన్నా, పెట్టేది’ అని మా ఆవిడ ముద్దుగా సర్ది చెప్పింది. వాడు బుద్ధిగా తలూపి పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత వాడి చప్పుడే లేదు. పిల్లలున్న ఇంట్లో చప్పుడు లేకపోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లకి మిగతా కథ చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను.

ఆషాఢం స్టిక్కరు గుండ్రంగా, నారింజ రంగులో, అర్ధరూపాయంత ఉంటుంది. కవరు మీద 999ని కొట్టేసి, దాని నెత్తిన 399 అంటిస్తారు. 60 శాతం తగ్గింపు. వాడి బుల్లి గోళ్లకి అది ఇట్టే ఊడొచ్చింది. గుండ్రంగా, జిగురుగా, రంగుగా ఉన్నది దేనికి పనికొస్తుందో ఆడవాళ్ల మధ్య పెరిగిన పిల్లాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మేడ మీదకొచ్చేసరికి వియ్యపురాలు అద్దం ముందు నిలబడి ఉన్నారు. భుజం మీద 28,000 రూపాయల మెరూన్ కంచిపట్టు, వెనక పమిట కుచ్చిళ్లు సర్దుతూ సేల్స్ అమ్మాయి. బుడ్డోడు నా చంకలోంచి వంగి ‘మామ్మా, బొత్తు’ అన్నాడు. ఆవిడ మురిసిపోయి నుదురు ముందుకి పెట్టారు. వాడు ఆవిడ తిలకం మీదే గట్టిగా నొక్కి అంటించాడు. చుట్టుపక్కల పరుపుల మీదున్న ఆడవాళ్లంతా ‘ఎంత ముద్దొస్తున్నాడో’ అన్నారు. ఆవిడ అద్దంలో చూసుకున్నారు. అద్దంలో అంకెలు తిరగబడతాయి గనక వెంటనే బోధపడలేదు. సేల్స్ అమ్మాయి, వృత్తిధర్మం కొద్దీ, పైకి చదివేసింది. ‘త్రీ నైంటీ నైన్ మేడమ్.’

‘ఎక్కడిదిరా కన్నా ఇది?’ అని ఆవిడ అడిగారు. నేను ఆ టొరంటో ప్రొఫెసరుగార్ని తలుచుకున్నాను. 30 శాతం ఆశ ఉంది.

‘కింద. అమ్మమ్మ కొన్నాది. మామ్మావాల్లకి. పెత్తే చీల. కత్తేది కాదు’ అన్నాడు వాడు, ఒక్కొక్క ముక్కా విడమరిచి. పొద్దున్నుంచీ ‘నీళ్లు’ అనడానికి బద్ధకించి వేలు చూపించిన పిల్లాడు!

మన జనం గొప్పతనం ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఎవరి బేరం వాళ్లు ఆపేసి ఇటు తిరిగారు. ఒక పెద్దావిడ ‘పసిపిల్లల నోట దేవుడు పలుకుతాడు’ అని మాకు వినపడేలా చెప్పింది. ఇంకొకావిడ తన కూతుర్ని దగ్గరికి లాక్కుని నోటి మీద చెయ్యేసింది, ముందుజాగ్రత్తగా. ఫ్లోర్ మేనేజరు పరుగున వచ్చి కూల్‌డ్రింకులు తెమ్మని కేకేశాడు. బట్టల షాపుల్లో ఏ రకం ప్రమాదానికైనా ప్రథమ చికిత్స అదే. సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల మా ఆవిడ, వెనకాల రెండు కట్టలు భుజానేసుకున్న కుర్రాడు. వెనక తలుపుకి తాళం వేశారట.

వియ్యపురాలు నుదుటి మీది స్టిక్కరు నెమ్మదిగా ఊడదీశారు. కుర్రాణ్ణి పిలిచి కట్ట దింపించారు. పైనున్న చీర తీసి, కవరు చించి, మోచేతి నుంచి వేలికొస దాకా పట్టి మూరలు కొలవడం మొదలుపెట్టారు. హాలంతా ఆవిడతో పాటు లోపల్లోపల లెక్కపెట్టింది.

‘పదకొండు మూరలే’ అన్నారు ఆవిడ, ‘పన్నెండుండాలి. మోసపోయారొదినగారూ. వస్త్రలతలో 340కి నిండు చీర ఇచ్చాడు మాకు. ఇదే అంచు, ఇదే పువ్వు. మీ వైపు వాళ్లకని మొన్ననే 80 కట్టించాను.’

మా ఆవిడ మొహంలో ముందు ఊరట కనపడింది. ఆ తర్వాత ‘మీ వైపు వాళ్లకని’ అన్న మాట చెవి నుంచి బుర్రకెక్కింది. కానీ గుమ్మం దగ్గర పెట్టుకోవాల్సిన యుద్ధమూ, కౌంటరు దగ్గర పెట్టుకోవాల్సిన యుద్ధమూ వేరని తెలిసిన మనిషి. మరుక్షణం వియ్యపురాళ్లిద్దరూ భుజం భుజం కలిపి మేనేజరు మీదకి వెళ్లారు. ‘ఫిక్స్‌డ్ రేటమ్మా’ అంటూ మొదలుపెట్టినవాడు, మూర తక్కువన్న మాట రెండోసారి వినపడేసరికి గొంతు తగ్గించి, ‘పక్కకి రండమ్మా, మాట్లాడుకుందాం’ అన్నాడు. 399 కాస్తా 370 అయింది. 350 దగ్గర ఆగింది. ఇంకా దిగేలాగే ఉంది.

కూల్‌డ్రింకు తాగుతూ నేను లెక్క వేశాను. మన నలభై వాళ్లింటికి వెళ్తాయి, వాళ్ల ఎనభై మనింటికొస్తాయి. అంచూ అదే, పువ్వూ అదే. ఎవరూ కట్టరు. అలాంటప్పుడు మన నలభై ఈ షాపులోనే వదిలేసి, వాళ్ల ఎనభైలో నలభై వాళ్ల దగ్గరే ఉంచేసుకుంటే సరిపోతుంది కదా, కారు డిక్కీ కూడా ఖాళీగా ఉంటుంది కదా అని, ఆ మాటే పైకి అన్నాను.

ఇద్దరూ బేరం ఆపి నావైపు తిరిగారు.

‘మీరు బాబుని తీసుకుని బయట నిలబడండి’ అంది మా ఆవిడ.