కన్నెత్తి చూడని కలం

మా జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో సున్నపురాయి తర్వాత అంత విరివిగా దొరికేది ఇంజనీర్ల ప్రతిభను ధ్రువీకరించే ఉత్తరం. సున్నపురాయికైతే క్వారీ తవ్వాలి, మందు పేల్చాలి, లారీ మాట్లాడుకోవాలి. ఉత్తరానికి అంత శ్రమ లేదు. రిటైరైన పెద్ద ఇంజనీరు గారి వరండాలో కూర్చుని, ఆయన పేపరు చదవడం ముగించేదాకా ఆగితే చాలు. ఊరందరినీ పొగిడే ఆ మహానుభావుణ్ణి పొగుడుతూ మాత్రం ఇంతవరకూ ఎవరూ నాలుగు ముక్కలు రాసిన పాపాన పోలేదు.

విషయం తెలియని వారి కోసం ఒక మాట. ఐట్రిపుల్‌ఈ అనే ఇంజనీర్ల సంఘంలో సీనియర్ మెంబరు కావాలంటే పదేళ్ల వృత్తి అనుభవం ఉండాలి, అందులో అయిదేళ్లయినా చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. ఆ పైన, అదే హోదాలోనో అంతకు మించిన హోదాలోనో ఉన్న ముగ్గురు ఆ మాటకు పూచీ పడాలి. 1920లో పుట్టి 1935లో రాయల్ చార్టర్ అందుకున్న మన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌లోనూ పై మెట్టు ఎక్కేవాణ్ణి ఎక్కినవాళ్లే ప్రతిపాదించి బలపరచాలి. పని విలువ తెలిసినవాడు, ఆ పనిని దగ్గరుండి చూసినవాడు చెబితేనే నమ్మాలని ఆ నియమం పెట్టినవారి ఉద్దేశం. పాపం, అమాయకులు.

వరండాలోని మా గురువుగారు ఆ అమాయకత్వాన్ని ఎప్పుడో దాటేశారు. అభ్యర్థి పనిని ఆయన చూడరు. చూస్తే ఏదో ఒక అభిప్రాయం ఏర్పడుతుంది, అభిప్రాయం ఏర్పడితే నిష్పాక్షికత పోతుంది. అందుకని, "నువ్వే ఓ డ్రాఫ్టు రాసి వాట్సాప్‌లో పెట్టవయ్యా, సంతకం పెట్టేస్తా" అంటారు. ఇంతకు మించిన వినయం ఎక్కడుంది? తన అభిప్రాయాన్ని ఎదుటివాడి చేతే చెప్పించుకునేవారు అరుదు. "ఎన్నేళ్లుగా తెలుసు?" అనే గడిలో ఆయన ఎప్పుడూ పదేళ్లకు తక్కువ వేయరు. పరిచయం మొన్న సెమినారు భోజనాల దగ్గర జరిగినా సరే. ఆప్యాయతకు కాలంతో పనేముంది?

ఇక ఆ ఉత్తరం సంగతి. "సాంకేతిక పరిజ్ఞానం, నాయకత్వ పటిమ, అంకితభావం": సిమెంటు కిల్న్ దగ్గర మాడిపోయే మెకానికల్ ఇంజనీరుకూ, ముక్త్యాల వైపు లైన్లు చూసే ఎలక్ట్రికల్ ఏఈకీ, ఏ సైటూ తొక్కని లెక్చరరుకూ ఇవే మూడు ముక్కలు. అందరినీ ఒకే కొలతతో చూడటమంటే ఇదీ. ఆమధ్య ఒకావిడకు ఇచ్చిన ఉత్తరంలో మొదటి నుంచి చివరిదాకా "ఆయన" అనే ఉంది. కిట్టనివాళ్లు దాన్ని పొరపాటన్నారు. స్త్రీ పురుష భేదాలు పాటించని మనసు వాళ్లకేం తెలుస్తుంది?

ఆయన ఔదార్యం ఒంటరిది కూడా కాదు. ఈయన ఇంకో పెద్దమనిషి వాళ్లబ్బాయికి రాస్తారు, ఆ పెద్దమనిషి ఈయన అల్లుడికి రాస్తాడు. ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం. శనగలు మాత్రం ఉండవు.

ఈ సంప్రదాయం తెలియక చెడిపోయినవాళ్లూ మా ఊళ్లో లేకపోలేదు. పాతవాడొకడున్నాడు, సిద్ధార్థుడని. ఇక్కడి బౌద్ధ స్తూపానికి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టినవాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట అని చెక్కించాడు. తానూ, తన తండ్రి నాగచంద్రుడూ పనివాళ్లమేనని చెప్పుకున్నాడు, ఊరి పేరూ వేయించాడు. 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ వచ్చి చూస్తే రాతి మీద ఆ మాటలు అలాగే ఉన్నాయి. ఎంత అవివేకం! ఏ పని, ఎన్ని స్తంభాలు, ఏ ద్వారం, ఏ ఏడు, అన్నీ రాసేస్తే ఎవడైనా వెళ్లి లెక్కపెట్టుకోగలడు. నాయకత్వ పటిమనైతే ఎవడు లెక్కపెడతాడు? పైగా ముగ్గురు సీనియర్ మెంబర్ల సంతకాలు లేవు. ఇవాళైతే దరఖాస్తు తిరిగొచ్చేది.

ఇవాళ్టి పనివాళ్ల గతీ అంతే. కాస్త ఎగువన పులిచింతల ప్రాజెక్టు ఉంది. 2021 ఆగస్టు 5న పదహారో గేటు కొట్టుకుపోతే, జలాశయం ఖాళీ చేసి స్టాప్‌లాగ్ గేట్లు దింపారు. ఆ రాత్రులు అక్కడ నిలబడ్డ ఏఈల గురించి రాయమంటే ఏం రాయాలి? ఎన్ని గంటలకు ఎంత నీరు వదిలారు, స్టాప్‌లాగ్ ఎక్కడ పట్టేసింది, ఎవరు ఏం తోచి సరిచేశారు? ఇదంతా రాయాలంటే ముందు అడగాలి. గురువుగారు అడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టరు. ఆ ఏఈలకు పై మెట్టువాళ్లతో పరిచయం ఉండదు. పై మెట్టువాళ్లు హైదరాబాదులో, విజయవాడ కాలేజీల స్టాఫ్ రూముల్లో ఉంటారు. గేటు దగ్గరికి వచ్చేది ఏఈ, లస్కరు, బురద. వీళ్లలో ఎవరి సంతకమూ చెల్లదు.

ఒక్క మనిషి మాత్రం ఈ వ్యవస్థకు తీరని ద్రోహం చేస్తున్నాడు. నందిగామలో ఉండే పాత ఈఈ ఒకాయన. వెళ్లినవాణ్ణి కూర్చోబెట్టి, "నువ్వు చేసిందేమిటి, నీ పైవాడు చేసిందేమిటి, విడదీసి చెప్పు" అంటాడు. డ్రాయింగు తెమ్మంటాడు. ఒకసారి సైటుకే వెళ్లాడట! ఆఖరికి రాసేది ఆరు వాక్యాలు. అందులో ఒకటి, "ఫలానా పైపులైను మలుపులో తన లెక్క తప్పని తనే పట్టుకుని, బిల్లు కాకముందే చెప్పాడు" అని. తప్పు మాట ఎత్తాక హోదా ఎలా వస్తుందండీ? వచ్చిందట, అది వేరే సంగతి. ఆయన వరండా ఖాళీగా ఉంటుంది, కుక్క పడుకుని ఉంటుంది.

మన గురువుగారి వరండాలో మాత్రం కుర్చీలు చాలవు. హోదా వచ్చినవాళ్లకు చెక్కా కంచూ కలిపిన ఫలకం వస్తుంది, అడిగితే పై అధికారికి అభినందన లేఖ వెళుతుంది, ఊళ్లో ఫ్లెక్సీ వెలుస్తుంది. ఫ్లెక్సీలో గురువుగారి ఫొటో అభ్యర్థి ఫొటో కంటే పెద్దది. న్యాయమే, ఆయన్ను చూసి ఇచ్చిందే కదా.

చిల్లకల్లు, వత్సవాయి కుర్రాళ్లు ఎవరైనా వెళ్లేటట్టుంటే ఆదివారం పొద్దున పదింటికి ముందు వెళ్లండి. డ్రాఫ్టు ప్రింటు తీయించుకుని, కింద స్టాంపుకు జాగా వదలండి. తేదీ ఆయనే వేసుకుంటారు. సంతకం అయ్యాక మీ పేరొకటి సరిచూసుకోండి, పాత అభ్యర్థిది ఉండిపోతూ ఉంటుంది.