ఏ జాడీలో ఏ పచ్చడి

సంక్రాంతి వెళ్లగానే ఫ్రిస్కోలో మావాడింటికి వచ్చాం. పొద్దున నడక, సాయంత్రం గుడి, శనివారం మావాడి ఎక్సెల్ షీటు. మూడోదానికి టికెట్ లేదు.

వాడి దగ్గర మూడు జాడీలున్నాయి. 401కెలో పన్ను కట్టని జీతం పడుతుంది, తీసినప్పుడు కట్టాలి. రాత్ ఖాతాలో పన్ను కట్టేసిన డబ్బు పడుతుంది, పద్ధతి ప్రకారం ముసలితనంలో తీసుకుంటే ఇక పైసా కట్టక్కర్లేదు. మూడోది మామూలు ఖాతా. దానికి మూత లేదు, ఏటా అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వచ్చి గరిటె ముంచుతుంది.

"బాండ్లు ఆ మూతలేనిదాంట్లో పెట్టకూడదు నాన్నా" అని మొదలుపెట్టాడు. లక్ష డాలర్ల బాండ్ల మీద 4 శాతం చొప్పున నాలుగు వేలు వడ్డీ. అది జీతంతో కలిసిపోయి వాడి 24 శాతం శ్లాబులో పడుతుంది. ఏటా 960 డాలర్లు పాయె. అదే స్టాకులైతే ఏడాది దాటాక అమ్మితే వాడికి లాభం మీద 15 శాతమే, అదీ అమ్మినప్పుడే. కనుక బాండ్లు 401కెలోకి, స్టాకులు బయటికి.

మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ విని, "పులుపు కలాయి లేని ఇత్తడిలో పోస్తే చిలుము పడుతుందని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. దీనికి కంప్యూటర్ ఎందుకురా?" అంది.

నాకు మాత్రం ఒక అనుమానం. "401కెలో కనిపించేదంతా నీదేనా?" అన్నాను. కౌలుకిచ్చిన పొలంలో కుప్ప చూసి మురిసినట్టుంది వీడి వాలకం. అందులో ఐఆర్ఎస్ వాటా ఎప్పటికైనా కొలిచి ఇవ్వాల్సిందే. తీయనని భీష్మించుకున్నా వీడి ఈడువాళ్లకి 75వ ఏట నుంచి తీయక తప్పదు. మావాడు కాసేపు ఆలోచించి షీటులో ఇంకో వరుస చేర్చాడు. ఏ ప్రశ్న అడిగినా వాడి జవాబు ఒక వరుస.

ఫెడరల్ ప్రభుత్వ బాండ్ల వడ్డీ మీద రాష్ట్రం పన్ను వేయదట. ఆ సంగతి కాలిఫోర్నియా స్నేహితుడు ఫోన్లో గంటసేపు ఊదరగొట్టాడు. మావాడుండే టెక్సస్‌లో అసలు రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. బోడిగుండుకి దువ్వెన. మావాడు అయినా నోట్ చేసుకున్నాడు.

ఇదంతా అయ్యాక, ఊరుకోలేక అడిగాను. "మరి మన ఊరి బ్యాంకులో నీ ఎన్నార్ఈ ఎఫ్‌డీ ఏ జాడీరా?"

ముప్ఫై లక్షలు. డబ్బు వాడే పంపాడు, రసీదు మా బీరువాలో చీరల కింద ఉంది. 7 శాతం చొప్పున ఏటా రెండు లక్షల పదివేలు వడ్డీ.

"అది ట్యాక్స్ ఫ్రీ కదా నాన్నా!"

ట్యాక్స్ ఫ్రీయే, ఇండియాలో. అమెరికాలో కాపురముండే వాళ్లకి ప్రపంచంలో ఏ మూల వచ్చిన వడ్డీ అయినా అక్కడి లెక్కలోకే వస్తుందని కోడలు ఐఆర్ఎస్ వెబ్‌సైటు తీసి చదివింది. 24 శాతమంటే యాభై వేల రూపాయలు. పైగా విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే కాగితం విడిగా పెట్టాలట.

మావాడు ల్యాప్‌టాప్ మూసేశాడు. "పోయినేళ్లవో?" అంది కోడలు. చిక్కుడుకాయల చప్పుడు కూడా ఆగిపోయింది.

ఎఫ్‌బార్ గడువు ఏప్రిల్ 15, ఆ పైన అక్టోబర్ 15 దాకా అడగకుండానే ఇస్తారు. అమెరికాలో ఉన్న మీ పిల్లల ఎఫ్‌డీ రసీదు మీ బీరువాలో కూడా ఉంటే, ఈ ఆదివారం ఫోన్లో ఏం వండుకున్నారని అడిగేముందు ఆ సంగతి చెప్పండి.