బీపీ సూత్రానికి సోమల టీక

మూలం: ఆసీనుండై, మౌనియై, నగ్నభుజమున పట్టీ చుట్టి, హృదయసమమున చేయి నిలిపి, మీట నొక్కునది.

అవతారిక: సోమలలో ఒక పెద్దాయన తెల్లారగానే అరుగు మీద మిషను పెట్టుకుని బీపీ చూసుకుంటాడు. వచ్చిన అంకెను వీధి చివరిదాకా చాటుతాడు. 118 వస్తే అది ఆయన నడవడి ఫలం. 150 వస్తే మిషను చైనాది. ఈ టీక వారి కొరకే.

ప్రతిపదార్థం: 'ఆసీనుండై', 'మీట నొక్కునది', ఇవి సుగమం. 'మౌనియై', ఇది కాదు. పట్టీ ఉబ్బుతుండగా ఫోనులో "మదనపల్లెలో టమాటా బాక్సు ఎంత పోయిందిరా?" అని అడుగుట మౌనభంగం. ఊరికే మాట్లాడితేనే పై అంకె 10 దాకా లేవవచ్చు. ధర విన్నాక లేచేది శాస్త్రానికి అందదు. 'నగ్నభుజమున' అనగా స్వెట్టరు మీద కాదు. 'హృదయసమమున': చేయి గుండెకు అంగుళం కిందికి జారితే అంకె సుమారు 2 పెరుగుతుంది. ఒడిలో పెట్టుకున్నవారు లెక్క వేసుకోగలరు.

విశేషం: మెదకు సీమ టీకాకారుడు మల్లినాథసూరి అక్కరలేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. నాకా నియమం లేదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు ఆడగుర్రం రక్తనాళానికి గాజుగొట్టం తగిలిస్తే రక్తం 8 అడుగుల పైకి ఎక్కింది. ఆ సంగతి 1733లో అచ్చయింది. గుర్రం గతి అడగవద్దు. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి చేతికి గాలిపట్టీ చుట్టాడు. 1905లో రష్యావాడు కొరొత్కోవ్ ఆ పట్టీ దిగువన స్టెతస్కోపు పెట్టి చప్పుడు విన్నాడు. పెద్దాయన ఎక్కడో తప్పిపోయాడు, ఉండనీ. రివా-రోచ్చి పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లే. ఇరుకు పట్టీ కనుక అంకె ఎక్కువ చూపేది. ఇప్పుడు లావుచేతికి చిన్న పట్టీ బిగించినా అదే దోషం. జబ్బ చుట్టుకొలత చూసుకోకుండా మిషను కొనకండి.

తాత్పర్యం: కాఫీ తాగి అరగంటైనా కావాలి. ఒంటికి పోయి వచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు మోపి, 5 నిమిషాలు ఊరకుండాలి. పొద్దున మాత్రకు ముందు, మళ్లీ రాత్రికి, నిమిషం ఎడంగా రెండేసి మార్లు చూసి, వారం పాటు రాసుకోవాలి. మొదటి రోజువి వదిలి తక్కినవాటి సగటు తీయాలి. అది 135/85కి చేరితే డాక్టరు దగ్గరికి పోవాలి. ఒక్క మంచి అంకె చూసి మాత్ర మానేయమని మూలంలో ఎక్కడా లేదు. పెద్దాయన పాఠంలో మాత్రం ఉంది.

ఆక్షేపం: ఆ ఇంట్లో అవ్వ కూడా ఉంది. మిషను వచ్చినప్పటి నుంచి ఆమె చేతికి పట్టీ చుట్టినవాళ్లు లేరు. అడిగితే "దానికేం, రాయి మాదిరి ఉంది" అంటాడు పెద్దాయన. చూపించుకోవాలన్నా 5 నిమిషాలు ఊరక కూర్చోవాలి కదా. పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. అయ్యా, రేపు ఆ పట్టీ ఆమె జబ్బకు కట్టండి. అందాకా సంగటి మీరు కెలకండి.